అమ్మ లాగిన తాడు

"మన దగ్గర వర్కర్స్ ఉన్నారండీ," అన్నారు మావారు.

నవంబరు చివరి ఆదివారం ఎల్బీనగర్‌లో ఒక చర్చి ఆవరణలో క్రిస్మస్ సామాన్ల అమ్మకం పెడతారు. అక్కడ మా బల్ల ముందు ఆగిన ఒకావిడ, చెట్టుకు వేలాడదీసే నా కర్రగోళాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, "అబ్బ, పిట్టగుడ్డులా ఎంత తేలిగ్గా ఉందో! ఎవరు చేస్తారండీ ఇవి?" అని అడిగింది. దానికి ఆయన చెప్పిన జవాబు అది. నేను ఆ బల్ల వెనకే పీట మీద కూర్చుని, అమ్ముడుపోయినవాటిని పాత పేపర్లలో చుడుతున్నాను. వర్కర్స్ అనగానే నిజంగానే వెనక్కి తిరిగి చూశాను, ఎవరైనా వచ్చి నిలబడ్డారేమోనని. గోడ ఉంది. గోడకి ఆనించి మా టిఫిన్ డబ్బా సంచీ ఉంది.

ఆవిడ పేరు సువార్త. సరూర్‌నగర్‌లో ఒక బళ్ళో టీచరట. తమ చర్చిలో నిలబెట్టే పెద్ద చెట్టుకి ఈసారి అన్నీ ఇలాంటివే కట్టాలని ఉందనీ, రెండు వారాల్లో ఇవ్వగలరా అనీ అడిగింది. ఆయన నా వైపు చూడకుండానే "తప్పకుండానండీ," అన్నారు.

స్కూటర్ మీద ఇంటికి వస్తున్నంతసేపూ ఆయన హుషారుగా ఉన్నారు. "వర్కర్స్ అంటే ఒక బరువు ఉంటుంది ఇంద్రాణీ. మా ఆవిడ చేస్తుందని చెప్పామనుకో, ఏదో కాలక్షేపానికి చేస్తోంది కాబోలని బేరాలు మొదలెడతారు," అన్నారు. గాలికి సగం మాటలు ఎగిరిపోయాయి గానీ మిగిలిన సగం చాలు. ఇల్లు చేరాక వర్కర్ చీర మార్చుకుని కుక్కర్ పెట్టింది. వర్కర్ పొద్దున నానేసిన దుప్పట్లు ఉతికి ఆరేసింది. సార్ టీవీ ముందు కాళ్ళు చాపుకుని అడిగితే వర్కర్ అల్లం టీ ఇచ్చింది. నాలో నేను అలా అనుకుంటూ ఉంటే ముందు నవ్వొచ్చింది. టీ వడగట్టేసరికి ఆ నవ్వు ఎటు పోయిందో తెలియలేదు.

మా మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన రేకుల గది ఒకటుంది. అందులో ఉంది నా లేత్ మిషన్, కర్రని గిర్రున తిప్పి చెక్కేది. సరూర్‌నగర్‌లో మూతపడ్డ చెక్కపనుల షెడ్డు సామాను అమ్మేస్తుంటే, నేను పిల్లలకి ట్యూషన్లు చెప్పి దాచుకున్న దాంతో కొనుక్కున్నాను. అది ఆటో ట్రాలీలోంచి దిగిన రోజు మా అత్తగారు హనుమాయమ్మ గారు గుమ్మంలో నిలబడి, "కోడళ్ళు కుట్టుమిషన్లు తెచ్చుకోవడం విన్నాను గానీ, ఇదేం మిషనమ్మా? మొగాళ్ళు చేసే పని!" అన్నారు. ఆ రోజు నుంచి పోయేదాకా ఆవిడ మంచినీళ్ళ గ్లాసు మీద మూత తీసి ఎరగరు. చారులో ఆవగింజ తేలినా వేలితో తీసి వెలుతురులో చూసి, "కర్ర పొట్టా?" అని అడిగేవారు. నేను మేడ దిగే ముందు కొంగు దులుపుకుని, జుట్టు దులుపుకుని, చెప్పులు దులుపుకుని దిగేదాన్ని. దొంగతనం చేసి వస్తున్నట్టు.

మొగాళ్ళ పని అని మా నాన్న కూడా అనేవాడు. అనకాపల్లి దగ్గర మా ఊళ్ళో మాది లక్కబొమ్మలు చేసే ఇల్లు. మోటార్లు రాకముందు కర్రని తిప్పాలంటే ఇద్దరు కావాలి. ఒకరు ఉలి పట్టాలి. ఇంకొకరు ఎదురుగా కూర్చుని, కర్ర బిగించిన ఇరుసుకి చుట్టిన తాడుని రెండు చేతులా లాగుతూ ఉండాలి, కవ్వం చిలికినట్టు. ఆ సాధనాన్ని నాన్న తరిమెన అనేవాడు. ఉలి నాన్నది, తాడు అమ్మది. "అరుణా, తాడూ!" అని నాన్న కేక వేస్తే అమ్మ పొయ్యి మీద కూర దించేసి, తడిచేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి కూర్చునేది. తాడు ఒక వైపు లాగినప్పుడే ఉలి కర్రని కోస్తుంది. రెండో వైపు లాగినప్పుడు కర్ర వెనక్కి తిరుగుతుంది, అప్పుడు నాన్న ఉలిని పైకెత్తి పట్టుకుంటాడు. అంటే పనిలో సగంసేపు నాన్న చేతులకి విశ్రాంతి. అమ్మ చేతులకి లేదు. ఈ సంగతి నాకు చిన్నప్పుడు తట్టలేదు. పెళ్ళయి ఈ ఊరొచ్చాక, ఒక రోజు గిన్నెలు తోముతుంటే తట్టింది.

అయినా ఆ పాక తలుచుకుంటే నాకు కష్టం గుర్తుకు రాదు, వాసన గుర్తుకొస్తుంది. తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ ఆనించగానే ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పాకేది. దాని మీద మొగలాకు ఒత్తితే నునుపు దేలి అద్దంలా మెరిసేది. కాలిన బెల్లంలాంటి ఆ వాసన, బొమ్మలకి వాడే పచ్చి అంకుడు కర్ర వాసన, అమ్మ చెమట వాసన. నేను ఆ పొట్టు కుప్ప మీద వెల్లకిలా పడుకుని, తాడు గరగరలాడుతుంటే నిద్రపోయేదాన్ని. కొనడానికి వచ్చినవాళ్ళు "ఎవరు చేశారు?" అంటే, "నేనే పట్టాను," అనేవాడు నాన్న, ఉలితో మలచడాన్ని మా ఇళ్ళల్లో అలాగే అంటారు. అది అబద్ధం కాదు. ఉలి పట్టింది ఆయనే. తాడు సంగతి ఎవరూ అడిగేవారు కాదు, ఎవరూ చెప్పేవారు కాదు.

ఒకసారి నాన్న బొమ్మల గంపతో విశాఖపట్నం వెళ్ళాడు. మధ్యాహ్నం అమ్మ పాక తలుపు దగ్గరగా వేసి, కొంగు బిగించి, నాన్న చోట కూర్చుంది. "అమ్మలూ, తాడు పట్టు," అంది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. "లాగవే, మీ నాన్న బస్సు దిగేలోగా," అంది. ఆ వేళ అమ్మ కుంకుమ భరిణె పట్టింది. పైన మూతి వేలు దూరేంత. లోపలంతా వంపు ఉలితో తొలిచింది, ఉలి మొన ఎక్కడుందో కంటికి కనపడకుండానే. ఎలా తెలుస్తుందే అని అడిగితే, "చెవి పెట్టు. మందంగా ఉన్నంతసేపూ కర్ర గొంతు బొంగురుగా ఉంటుంది. లోపల పలచబడే కొద్దీ సన్నబడుతుంది. సన్నబడిందా, ఆగిపోవాలి. ఇంకొక్క చుట్టు అన్నావంటే చేతిలోనే పగులుతుంది," అంది. "నీకెవరు నేర్పారే?" "ఎవరు నేర్పుతారు? ఇన్నేళ్ళూ ఎదురుగా కూర్చున్నది నేనే కదా."

ఆ భరిణెని ఆరబెట్టిన మిగతా వస్తువుల్లో కలిపేసింది. నాన్న వచ్చిన మర్నాడు దాన్ని చేతిలోకి తీసుకుని, అరచేతిలో ఎగరేసి, "ఇదెప్పుడు పట్టానే నేను? భలే కుదిరిందే!" అన్నాడు. అమ్మ పులుసు వడ్డిస్తూ, "మొన్న మబ్బు పట్టిన రోజు పట్టలేదూ," అంది. తల వంచుకుని ఉంది. నవ్వుతోందో ఏమో నాకు కనపడలేదు. ఇన్నేళ్ళయినా ఆ వంచిన తల గుర్తొచ్చినప్పుడల్లా, ఒక్కసారి కిందనుంచి చూసి ఉండాల్సింది అనిపిస్తుంది.

తర్వాత మోటారు వచ్చింది. నాన్న తాడు చుట్టి మేకుకి తగిలించాడు. "నీ చేతులకి సుఖం వచ్చింది పోనీ," అన్నారు అందరూ. ఇక అమ్మని ఎవరూ పాకలోకి పిలవలేదు. వంటింట్లో నిలబడి మోటారు చప్పుడు వింటూ, "ఉలి మొద్దుబారింది. మీ నాన్నకి వినపడ్డం లేదు," అనేది, నాకు మాత్రమే వినపడేలా. అమ్మ పోయాక అక్క చీరలు తీసుకుంది. నేను ఆ తాడు తెచ్చుకున్నాను. "దీన్నేం చేసుకుంటావే?" అంది అక్క. నాకూ తెలియదు.

గోళాల పని మొదలైంది కౌసల్యమ్మ వల్ల. మా పక్క సందులో ఉంటుంది, నల్గొండ వైపు మనిషి. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద శ్రావణంలో రాఖీలు, దసరాకి తోరణాలు, డిసెంబరొస్తే నక్షత్రాలూ మెరుపు దండలూ అమ్ముతుంది. మా ఇంట్లో అమ్మ భరిణెలాంటిది నేను చేసుకున్నది చూసి, "అక్కా, గిట్ల గుండ్రంగ గోళం చేస్తవా? క్రిస్మస్ చెట్టుకు కడ్తరు. గీ ప్లాస్టిక్‌వి అమ్మి అమ్మి నాకే యాష్టకొస్తున్నది," అంది. మొదట చేసినవి గట్టి గోళాలు. ఆమె తన నమూనా చెట్టుకి కట్టగానే కొమ్మ వంగిపోయింది. "చూడు, నీ గోళానికి చెట్టు దండం పెడ్తున్నది!" అని పడీ పడీ నవ్వింది. ఆ రోజు అమ్మ మాట గుర్తొచ్చింది. చెవి పెట్టు. అప్పటినుంచి గోళం అడుగున చిన్న కన్నం పెట్టి, అందులోంచి లోపలంతా తొలిచి, ఆ కన్నాన్ని సన్నటి కర్ర తోకతో మూసేస్తాను. బయటినుంచి ఎవరికీ తెలియదు. ఎత్తినప్పుడు మాత్రం చెయ్యి అనుకున్నదానికన్నా పైకి లేస్తుంది. ఆ క్షణం కొనేవాళ్ళ కళ్ళు చూడటం నాకిష్టం.

కొత్తపేటలో పళ్ళ మార్కెట్ ఉన్న రోజుల్లో, మా ఊరి వైపు నుంచి వచ్చే లారీలో అంకుడు కర్ర వేయించుకుంటే నేనే నడిచి వెళ్ళి తెచ్చుకునేదాన్ని. మార్కెట్ ఊరి బయట బాటసింగారానికి మారాక ఆటోలో వెళ్ళి తెచ్చుకుంటున్నాను. కర్ర తేవడం, ఆరబెట్టడం, పట్టడం, తొలవడం, లక్క వేయడం, వీటన్నిటి నడుమ అమ్మాయి చదువు, పెళ్ళి, అత్తగారి మంచం, ఆయన క్యారేజీ. పదేళ్ళకి పైగా ఆయన ఆ మేడ మెట్లు ఎక్కింది ట్యాంకులో నీళ్ళు చూడటానికే.

ఈ ఏడు రిటైరయ్యాక ఎక్కడం మొదలుపెట్టారు. ముందు బల్ల దగ్గర కూర్చుంటానన్నారు. తర్వాత ఆయన పేరు మీద కార్డులొచ్చాయి, 'భానుమూర్తి క్రాఫ్ట్స్' అని. సువార్త గారు అడిగి వెళ్ళిన మర్నాడు నేను దోసెలు వేస్తుంటే వంటింట్లోకి వచ్చి చెప్పారు. "నాగోలులో ఒకతని దగ్గర కంప్యూటర్‌తో నడిచే లేత్ ఉంది. నీ గోళం ఒకటి చూపిస్తే అచ్చం అలాగే దింపుతానన్నాడు. ఇకనుంచి నువ్వు పైన కూర్చుని అవస్థ పడక్కర్లేదు. రంగులు వేసుకో, చాలు. రంగులు ఆడవాళ్ళ చేతికి బాగా కుదురుతాయి. మెడనొప్పి అంటావు కూడాను. మన మిషన్‌కి బేరం వచ్చింది. ఆ గది కోచింగ్ పిల్లలకి అద్దెకిచ్చేద్దాం, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఖాళీయే లేదంటున్నారు."

నేను దోసె తిరగేశాను. ఏదైనా ఒక్క మాట కటువుగా ఉండుంటే అక్కడ పట్టుకుని నిలబడేదాన్ని. అన్నీ నా మంచికే ఉన్నాయి. మెడనొప్పి గుర్తుపెట్టుకున్న మనిషితో ఏమని పోట్లాడను? రంగులు వేసుకో అన్న మాట దగ్గర మాత్రం అట్లకాడ ఆగింది. మోటారొచ్చాక అమ్మతో కూడా ఇలాగే, "లక్క కడ్డీలు చుట్టిపెట్టు, చాలు," అన్నాడు నాన్న. "ఇంకోటి వెయ్యనా?" అని అడిగాను. "వెయ్యి," అన్నారు.

ఆ తర్వాతి వారం మధ్యలో ఆయన రెండు అట్టపెట్టెలు మోసుకుంటూ మేడ మీదికి వచ్చారు. ఆయాసపడుతున్నారు. "చూడు, ఒక్కదానికి ఒక్కటి తేడా లేదు," అన్నారు. నిజమే. చూపుకి నా గోళాలకన్నా అవే నున్నగా ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. చెయ్యి పైకి లేవలేదు, కిందికి దిగింది. దాన్ని మూలనున్న చిన్న ప్లాస్టిక్ చెట్టుకి తగిలించాను. కొమ్మ వంగి, గోళం నేలకి ఆనుకుంది.

"అదేంటి?"

"బరువు."

"కర్ర కదా, బరువుండదా?"

నాది ఒకటి తోక ఊడదీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన అటూ ఇటూ తిప్పారు. అడుగున కన్నం చూశారు. చిన్నపిల్లాడు సీసాలోకి చూసినట్టు ఒక కన్ను మూసి లోపలికి చూశారు.

"ఇది బోలా?" అన్నారు. "ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

కిటికీలోంచి మెట్రో రైలు చప్పుడు వచ్చి పోయింది. నాకు కోపం రావాలి. రాలేదు. 'ఇదెప్పుడు పట్టానే నేను' అన్న నాన్న గొంతు వినపడింది. ఎన్నిసార్లు ఈయన ఈ గోళాల పెట్టెలు మోశారు! స్కూటర్‌కి కట్టారు, దించారు, బల్ల మీద పేర్చారు. తేలిగ్గా ఉందేమిటని ఒక్కసారి కూడా అనిపించలేదు. ఇల్లు తేలిగ్గా నడిచినట్టే ఇదీను. తేలిగ్గా ఉన్నదాని లోపల ఎవరైనా తొలిచి ఉంటారని ఎందుకు అనిపిస్తుంది?

"మరిప్పుడెలా?" అన్నారు. "సువార్త గారికి ఆదివారం ఇవ్వాలి. పోనీ ఈ ఒక్కసారికీ నువ్వే చేసెయ్. మిషన్ కొనే అతన్ని సోమవారం రమ్మంటాను."

ఈ ఒక్కసారికీ. ఆ మాట ఆయన మెట్లు దిగిపోయాక కూడా గదిలోనే ఉంది.

మర్నాడు పొద్దున్నే మా కాలనీకి కరెంటు తీసేశారు. లైన్లు మారుస్తున్నారు, సాయంత్రం దాకా రాదన్నారు. ఆయన మేడ మీదికి వచ్చి, మిషన్ వంకా నా వంకా చూసి, "ఒక రోజు పోయినట్టేనా?" అన్నారు, పరీక్ష పోయిన పిల్లాడిలా. నేను మోటారు బెల్టు ఊడదీశాను. గోడ మేకు నుంచి అమ్మ తాడు దించాను. రెండు చివర్లా అమ్మ చేతులు పట్టిన చోట నలుపెక్కి మెరుస్తోంది. ఇరుసుకి చుట్టి, ఎదురుగా పీట వేసి చెప్పాను.

"కూర్చోండి. తాడు లాగండి."

"నేనా?"

"ఇద్దరు కావాలి."

ఆయన పంచె సర్దుకుని కూర్చున్నారు. మొదట్లో తాడు జారిపోయింది, కర్ర గిర్రున తిరిగి ఆగిపోయింది. "నిదానంగా. ఇటు లాగినప్పుడు నా ఉలి తగులుతుంది. అటు లాగినప్పుడు నేను ఆగుతాను." "అప్పుడు నేను?" "మీరు ఆగరు." ఆయన నా వైపు చూశారు. మళ్ళీ లాగారు. కాసేపటికి చొక్కా తడిసిపోయింది. కౌసల్యమ్మ తన సరుకు కోసం మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏందన్నా గిది! అక్క నిన్ను కూలికి పెట్టుకున్నదా?"

"ముందు నీ నవ్వాపమ్మా," అన్నారు ఆయన రొప్పుతూ.

"నువ్వు జర మంచిగ గుంజు. మజ్జిగ చిలుకుతున్నవా, బాయిల బొక్కెన తోడుతున్నవా?" అంది. అట్టపెట్టెల్లోంచి ఒక గోళం ఎత్తి, "అవ్వో! గివేంది గింత బరువున్నయ్? గీటిని తలుపులకు పిడులు పెట్టుకోవాలె," అని కింద పెట్టేసింది. ఆయన తల వంచుకుని తాడు లాగుతూనే ఉన్నారు.

ఆమె వెళ్ళిపోయాక గది నిశ్శబ్దమైంది. తాడు గరగర, పొట్టు రాలుతున్న చప్పుడు. గోళం లోపల వంపు ఉలి తిరుగుతోంది. నేను కళ్ళు మూసుకున్నాను. పొట్టు కుప్ప మీద పడుకున్న పిల్లని అయిపోయాను. ఎదురుగా గాజుల చప్పుడు కూడా వినపడుతున్నట్టే ఉంది. అంతలో ఆయన అన్నారు.

"ఇంద్రాణీ, చప్పుడు మారింది."

నా చెయ్యి అప్పటికే ఆగింది. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి వినపడుతుందని అమ్మ చెప్పింది నిజమే.

ఇంకో గోళం బిగించి మొదలుపెట్టామో లేదో కిటికీలో ఆయన ఫోన్ మోగింది. ఆయన రెండు చేతులకీ తాడుంది. ఉలి పక్కన పెట్టి నేను తీశాను.

"మేడమ్, మిషన్ జూడనీకె సోమవారం రమ్మన్నరు సారు. నేను రేపే వస్త, ట్రాలీ గూడ తెస్త."

"మిషన్ అమ్మడం లేదండీ."

"గదేంది? సారు ఒప్పుకున్నరు గద."

"మిషన్ సారుది కాదు. నాది."

"ఒక్కసారి సారుకిస్తరా?"

"ఆయన పనిలో ఉన్నారు," అని పెట్టేశాను.

తాడు ఆగిపోయింది. ఆయన ఫోన్ వైపు చూశారు. అరచేతులు విప్పి చూసుకున్నారు, ఎర్రగా పొంగి ఉన్నాయి. ఆ చేతుల్ని ఆయన చాలాసేపు చూశారు. "మీ అమ్మగారు రోజూ లాగేవారా?" అన్నారు.

"రోజూ."

ఆయన మళ్ళీ తాడు అందుకున్నారు. కార్డుల సంగతి నేను ఎత్తలేదు. అది రేపటి పని.

ఆదివారం సరూర్‌నగర్ చర్చిలో సువార్త గారు నిచ్చెనెక్కి, మొదటి గోళాన్ని చిటారు కొమ్మకి తగిలించారు. కొమ్మ కదల్లేదు. గోళం గాలికి తనలో తాను చిన్నగా తిరిగింది. ఆవిడ దిగి వచ్చి, మావారి వైపు చూసి చేతులు జోడించి, "ఎంత బాగా చేశారండీ! మీ వర్కర్స్‌కి నా మాటగా చెప్పండి," అన్నారు.

ఆయన నా వైపు చూసి, అరచేతులు వెనక్కి పెట్టుకున్నారు.

"నేనే పట్టానండీ," అన్నాను. "తాడు మావారు లాగారు."